నాన్న పంచెకు అంటిన ఎర్రపొడి

2024 ఫిబ్రవరి 4, ఆదివారం. పొద్దున్నే చేనికి వెళ్లిన నాన్న తొమ్మిది గంటలకు తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నారు. మోకాళ్ల కింద నుంచి పంచె అంచు దాకా ఇటుకపొడి జల్లినట్టు ఎర్రగా ఉంది. అమ్మ చూసి, "నిన్న ఉతికిన పంచె కదండీ, ఏ మట్టిలో కూర్చున్నారు?" అంది. నాన్న చేత్తో దులిపారు. రాలలేదు. దులిపినకొద్దీ బట్టకు పట్టుకుని ఇంకాస్త పరుచుకుంది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తి చూసి, మళ్లీ పేపర్లలో పడిపోయాను.

మాది నల్లనేల. వరి కోసిన మాగాణి. అందులో ఇటుకరంగు మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఒక్క ప్రశ్న నాకు అప్పుడు తట్టి ఉంటే ఆ ఏడాది పంటలో కొంతైనా దక్కేది.

ఇరవై రెండేళ్లుగా బళ్లో జీవశాస్త్రం చెబుతున్నాను. శిలీంధ్రాలు, వాటికి గింజల్లాంటి సిద్ధబీజాలు అని బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెబుతాను. అవే సిద్ధబీజాలు లక్షల్లో నాన్న పంచెకు అంటుకుని మా అరుగు దాకా వస్తే గుర్తుపట్టలేకపోయాను. ఈ సంగతి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు మళ్లీ మా వైపు మినుము చేలు నలభై రోజుల వయసులో ఉన్నాయి. ఇంతకంటే మంచి సమయం ఉండదు.

మాది చేబ్రోలు దగ్గర ఒక పల్లె. గుంటూరులో బాపట్ల బస్సెక్కి, నారాకోడూరు దాటి, చేబ్రోలులో దిగి ఆటో పట్టుకోవాలి. కొమ్మమూరు కాలువ కింద మూడెకరాల ఇరవై సెంట్లు. సార్వా అంటే వానాకాలపు వరి, దాని వెనకే మినుము. నాన్నకు డెబ్బై ఆరేళ్లు. నేను గుంటూరులో ఉంటూ ఆదివారాలు, సెలవులు ఊళ్లో గడుపుతాను. లెక్కలు, మందులు, కూలీల మాటలు నావి. చేనికి ఎప్పుడు ఏం కావాలో చెప్పడం నాన్న పని.

మాగాణి మినుము చూడని వాళ్ల కోసం ఒక మాట. మేం దీనికి దుక్కి దున్నం, నీళ్లు పెట్టం. వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, కాళ్ల కింద నేల మెత్తగా ఉన్నప్పుడు విత్తనం చల్లేస్తాం. ఎకరాకు పదహారు నుంచి పద్దెనిమిది కిలోలు. వరి కోసేసరికి దుబ్బుల మధ్య మొలక కనిపిస్తుంది. ఆ తర్వాత దానికి ఆధారం నేలలో మిగిలిన పదును, రాత్రిపూట కురిసే మంచు. మూడు నెలల లోపే చేతికొచ్చే పంట. అందుకే మా డెల్టాలో ఇంటి ఖర్చులకు అక్కరకొచ్చేది ఇదే. వరి అప్పులు తీరుస్తుంది, మినుము చేతిలో నాలుగు డబ్బులు పెడుతుంది అంటారు నాన్న.

కానీ ఆ మంచే తెగులుకూ ప్రాణం పోస్తుంది. మా మినుముకు నీళ్లిచ్చేదీ మంచే, తుప్పు తెగులును మొలిపించేదీ మంచే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. పడిపోయిన వరి మీద నీళ్లు నిలిచాయి. అంతకు నాలుగు రోజుల ముందే చల్లిన మినుములు ఆ నీళ్లలో ఉబ్బి, వాసనొచ్చి కుళ్లిపోయాయి. నీళ్లు దిగాక, నేలకు కరుచుకున్న వరిని మనుషులతో కోయించి, మళ్లీ విత్తనం కొని చల్లేసరికి డిసెంబరు 22 అయింది. మామూలుగా మేం నవంబరు చివరికల్లా చల్లేస్తాం. దాదాపు నెల ఆలస్యం. "ఆలస్యపు మినుముకు బూడిద రాక తప్పదు" అని నాన్న చల్లుతున్నప్పుడే అన్నారు. ఆయన కళ్లు ఆకు మీద తెల్లపొడిలా వచ్చే ఆ బూడిద తెగులు కోసమే వెతికాయి. తుప్పు వస్తుందని మేం ఎవరమూ అనుకోలేదు.

జనవరి 28న వెళ్లినప్పుడు ఆకుల పైన చిన్నచిన్న పసుపు గోధుమ చుక్కలు కనిపించాయి. పైరుకు ముప్పై ఏడు రోజులు. పూత మొదలైంది. నాలుగు ఆకులు కోసి కవర్లో వేసుకుని ఎరువుల కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టాయన ఆకులు పైపైన చూసి ఆకుమచ్చ అన్నాడు. కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు ఇచ్చాడు, దానికి తోడు పూత నిలవడానికని ఒక టానిక్ సీసా అంటగట్టాడు. తప్పు ఆయన ఒక్కడిదే అనను. ఆకులు నా చేతిలోనే ఉన్నాయి. తిప్పి చూడటానికి క్షణం పట్టేది కాదు. మంగళవారం మందు కొట్టించారు. వారం తిరిగేసరికి పంచె ఎర్రబడింది. "మందు కొట్టాంగా నాన్నా, తగ్గుతుందిలే" అని నేనే అన్నాను.

ఫిబ్రవరి 11న ఆకులు కింది నుంచి రాలడం మొదలైంది. నాన్న ఫోన్‌లో ఆ మాట చెప్పిన తీరుకే నాకు టెన్షన్ పట్టుకుంది. వెళ్లేసరికి ఊళ్లో వ్యవసాయ సహాయకురాలు గట్టు మీద ఉంది. వయసులో నా పాత విద్యార్థులంత ఉంటుంది. ఒక ఆకు తెంపి, వెనక్కి తిప్పి, నా చేతిలో పెట్టి, "బొటనవేలితో ఒకసారి రుద్దండి మేడమ్" అంది. రుద్దాను. వేలు ఎర్రబడింది, తలుపు గొళ్లేనికి పట్టిన తుప్పు అంటుకున్నట్టు. పంచె మీద ఉన్నదీ అదే రంగు.

"ఇది తుప్పు తెగులు మేడమ్. కార్బెండజిమ్ దీన్నేమీ చెయ్యదు" అంది.

అంతే సంగతి. ఆకుమచ్చలకు, బూడిదకు పనిచేసే ఆ మందుకు తుప్పు శిలీంధ్రం లొంగదు. మేం కొట్టింది నకిలీ మందు కాదు, కాలం చెల్లిన సరుకూ కాదు. వేరే రోగానికి మంచి మందు. దాన్ని నమ్ముకుని రెండు వారాలు కూర్చున్నాం. ఆ రెండు వారాల్లో చేను మొత్తం అంటుకుంది.

మర్నాడే ప్రోపికొనజోల్ లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కొట్టించాం. కొత్త ఆకులు నిలిచాయి. అప్పటికే కింది ఆకులు రాలి, పైన పట్టిన పిందెలకు తిండి పెట్టే ఆకే మిగల్లేదు. ఆకు లేని మొక్క కాయను ఏం పెట్టి నింపుతుంది? మార్చిలో నూర్చితే ఎకరాకు రెండున్నర క్వింటాళ్లు వచ్చాయి, అదీ సన్నగింజ. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 6,950 రూపాయలు అయితే బయట అంతకంటే ఎక్కువే పలికింది. ధర ఉన్న ఏడాది పంట లేకపోవడం నాన్నను చాలా బాధపెట్టింది. పైకి ఏమీ అనలేదు. కాటాకు వేసినప్పుడు మాత్రం అక్కడ నిలబడకుండా ఇంట్లోకి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే తుప్పు పట్టిన ఆకులు కొన్ని పాత పంచాంగం పుటల మధ్య పెట్టి బడికి తీసుకెళ్లాను. మా ల్యాబ్‌లో ఉన్నది ఒకే మైక్రోస్కోపు, అద్దం తిప్పి వెలుతురు పట్టే పాతరకం. ఆకు వెనక వైపు సెల్లోటేపు ముక్క అతికించి, మెల్లగా లాగి, గాజు పలక మీద అంటించాను. నీటి చుక్క కూడా అక్కర్లేదు. ముందు చిన్న లెన్సు పెట్టి చూస్తే ఎర్రటి గుంపులు. పెద్ద లెన్సు తిప్పగానే ఒక్కొక్కటీ విడిగా తేలింది. గుండ్రంగా, బెల్లం పాకం రంగులో, ఒంటి నిండా సన్నని ముళ్లు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు చూసి, "మేడమ్, ఉమ్మెత్తకాయల్లా ఉన్నాయి" అన్నాడు. నిజంగా అలాగే ఉన్నాయి. ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది, కాస్త అటూ ఇటూ. గసగస గింజంత పొక్కు పగిలితే అలాంటివి వందలూ వేలూ బయటికొస్తాయి. గాలి ఎటు వీస్తే అటు పోతాయి. పంచె ఎటు నడిస్తే అటు కూడా పోతాయి. పొద్దున్నే మంచు ఆరకముందు చేనంతా తిరగొద్దని వ్యవసాయ సహాయకురాలు ఎందుకు చెప్పిందో అప్పుడు బాగా అర్థమైంది.

ఆ పిల్లల్లో సగం మంది రైతుల బిడ్డలే. మర్నాటికి నోటు పుస్తకాల్లో ఆకులు పెట్టుకుని వచ్చారు. మినుము, పెసర, మిరప, జొన్న. ఆ వారమంతా పాఠం పక్కన పెట్టి ఆకులే చూశాం. ఒకమ్మాయి తెచ్చిన మినుము ఆకు పైన తెల్లటి పొడి ఉంది, చాక్‌పీసు పొడి అంటినట్టు. టేపుతో ఎత్తి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో, గాజులా తెల్లగా, పూసలు గుచ్చినట్టు వరసగా కనిపించాయి. అది బూడిద తెగులు. ఇంకొకడి ఆకు మీద గోధుమరంగు మచ్చ, లోపల ఒకదానిలో ఒకటి వలయాలు, నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లాగా. టేపుకు పొడేమీ రాలేదు. ఆ వలయాల మచ్చను మా వైపు ఆకుమచ్చ అంటారు, కొరినెస్పోరా అనే శిలీంధ్రం పని.

మూడు ఆకులూ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూస్తే ఇంత తేలిక విషయం ఎలా పోగొట్టుకున్నామా అనిపించింది. వేలితో రుద్దితే తెల్లగా అంటేది బూడిద, అది ఎక్కువగా ఆకు పైనే మొదలవుతుంది. ఎర్రగా అంటేది తుప్పు, అది ఆకు అడుగున పుడుతుంది, పైనుంచి చూస్తే ఒట్టి పసుపు చుక్క. వేలికి ఏమీ అంటకుండా మచ్చ మాత్రం ఎండి ఉంటే ఆకుమచ్చ. ఇక ఆకంతా పసుపు పచ్చ గళ్లుగా మారితే అది శిలీంధ్రమే కాదు. పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి ఈ మందుల్లో ఏది కొట్టినా డబ్బు దండగ. మొదట్లోనే ఆ మొక్క పీకేసి, దోమ సంగతి చూసుకోవాలి.

మందుకొట్టుకు ఆకు తీసుకెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. ఇంటి దగ్గరే ఆకు తిప్పి, వేలితో రుద్ది, వేలు ఏ రంగైందో చూసుకుని వెళ్లండి. కొట్టులో "చుక్కలొచ్చాయి" అనకండి. "అడుగున ఎర్రపొడి ఉంది" అనండి. అప్పుడు చేతికొచ్చే సీసా మారుతుంది.

బూడిద, తుప్పుల బుద్ధులు వేరు. బూడిదకు ఆకు తడవక్కర్లేదు. గాలిలో తేమ, చలి, కాస్త నీడ ఉంటే చాలు. జోరువాన పడితే పైనున్న పొడి కొట్టుకుపోతుంది కూడా. తుప్పు అలా కాదు. దాని గింజ మొలవాలంటే ఆకు మీద నీటి తడి గంటల తరబడి ఆరకుండా ఉండాలి. మాకు జనవరి, ఫిబ్రవరిలో రాత్రి పదికి మొదలైన మంచు పొద్దున ఎనిమిదిన్నర దాకా ఆరదు. పగలు మరీ ఎండ ఉండదు. తుప్పుకు అంతకంటే ఏం కావాలి? అందులోనూ మినుము గుబురు కమ్మాక లోపల గాలి ఆడదు. విత్తనం ఎక్కువ చల్లితే ఎక్కువ పండుతుందనుకుని ఎకరాకు పాతిక కిలోలు చల్లేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. నాన్నా ఒకప్పుడు చల్లారు. ఆ గుబురే తెగులుకు ఇల్లు కట్టిపెట్టినట్టు.

తర్వాతి ఏడాది, 2024లో, ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. రకం మార్చే విషయంలో నాన్నతో కాస్త వాదన జరిగింది. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం రకాల్లో ఎల్‌బీజీ 752 అంటే ఆయనకు ప్రాణం. పాలిష్ గింజ, మెరుస్తూ ఉంటుంది, తెనాలి పప్పుమిల్లుల వాళ్లు ఇష్టంగా కొంటారు. పాతరోజుల్లో కృష్ణయ్య అని పిలిచే ఎల్‌బీజీ 17 వేసేవాళ్లం, దానికి బూడిద అంతగా అంటేది కాదు అని ఆయనే గుర్తుచేశారు. చివరికి 752నే ఉంచాం. రకం ఏదైనా ఆకు తిప్పి చూడటం తప్పదు కదా అని నేనూ పట్టు వదిలేశాను.

తుఫాను లేని ఏడాది కాబట్టి నవంబరు 27న చల్లాం. విత్తనానికి ముందు మందు పట్టించాం. ఎకరాకు పదిహేడు కిలోలకు మించనివ్వలేదు. చేలో అయిదు చోట్ల వెదురు పుల్లలకు పాత చీర పీలికలు కట్టి పాతాను. నాలుగు మూలలు, మధ్యలో ఒకటి. ప్రతి ఆదివారం ఎండ కాస్త ఎక్కాక, మంచు ఆరాక, ఒక్కో పుల్ల దగ్గర ఇరవై ఆకులు తిప్పి చూడాలి. పది కింది ఆకులు, పది నడిమివి. మొత్తం వంద ఆకులు. పొక్కు ఉన్నవి ఎన్నో పుస్తకంలో రాయాలి. మూడెకరాలకు ముప్పావు గంట పట్టేది. మొదటి రెండు ఆదివారాలు నాన్న గట్టు మీద నిలబడి చూశారు. మూడో ఆదివారం నా కంటే ముందే మధ్య పుల్ల దగ్గర వంగి ఉన్నారు.

పైరుకు ముప్పై రెండు రోజులప్పుడు, డిసెంబరు 29న, తూర్పు గట్టున తాటిచెట్ల వరస నీడ పడే చోట మొదటి బూడిద కనిపించింది. వందలో ఆరు ఆకులు. మిగతా నాలుగు చోట్లా ఒక్కటీ లేదు. చేను మధ్యలో నిలబడి చూస్తే పైరు నిగనిగలాడుతోంది, ఎవరూ తెగులు ఉందనరు. ఆ రోజు సాయంత్రమే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాముల చొప్పున కలిపి కొట్టించాం. అది పాత మందు, చవక మందు, మా తాతల నాటి నుంచీ ఉన్నదే. ఎండ మండేటప్పుడు కొడితే ఆకు మాడుతుంది కాబట్టి పొద్దువాలాక కొట్టాలి. చలికాలం మాకు ఆ ఇబ్బంది తక్కువ. బూడిద బాగా ముదిరితే హెక్సాకొనజోల్ లీటరుకు రెండు మిల్లీలీటర్లు కొట్టమని వ్యవసాయ సహాయకురాలు చెప్పింది. అక్కడిదాకా రాలేదు.

ఇక్కడ మందు కంటే కొట్టే పద్ధతి గురించి ఎక్కువ చెప్పాలి. అంతకుముందు ఏడాది ప్రోపికొనజోల్ కొట్టించినప్పుడు నేను బడిలో ఉన్నాను. ఈసారి దగ్గరుండి చూశాను. మందు కొట్టే అబ్బాయి పంపు వీపున వేసుకుని చకచకా నడిచిపోతున్నాడు. మందు చిమ్మే గొట్టం, లాన్సు, ఆకుల పైన అటూ ఇటూ ఊపుతున్నాడు. అతను నాలుగు బారలు పోయాక నేను వెనక వెళ్లి ఆకులు తిప్పాను. పైన ముత్యాల్లా చుక్కలు. అడుగున పొడిపొడిగా ఉంది, ఒక్క చుక్క లేదు. తెగులు పుట్టే చోటుకు మందే చేరలేదు!

ఎకరాకు రెండు వందల లీటర్ల నీళ్లు అంటే పదహారు లీటర్ల ట్యాంకులు పన్నెండు, పదమూడు పడతాయి. మా ఊళ్లో ఆరు ట్యాంకులతో ఎకరం అయిపోయిందంటారు. ఎకరాకింత అని కూలి మాట్లాడతాం కాబట్టి వాళ్లు తొందరపడతారు, అందులో వాళ్ల తప్పేముంది? ట్యాంకుకింత అని మాట్లాడాను. నాజిల్ మెడ కొంచెం పైకి వంచి, పక్కల నుంచి గుబురు లోపలికి పెట్టి, కింది నుంచి పైకి తడపమన్నాను. మొదటి ట్యాంకుకు అతను విసుక్కున్నాడు. రెండో ట్యాంకు తర్వాత తనే ఆకు తిప్పి, "ఇప్పుడు తడిసింది మేడమ్" అని చూపించాడు. మూతికి గుడ్డ, గాలికి ఎదురు కాకుండా నడవడం, కడుపు నిండా తిని దిగడం, ఈ మూడూ నేను చెప్పాల్సిన పని లేకుండా అమ్మే చూసుకుంది. అన్నం పెట్టకుండా ఎవరినీ మందు పంపు ఎత్తనివ్వదు.

డ్రోన్‌తో కొట్టేవాళ్లు ఇప్పుడు మా దగ్గరా వచ్చారు. పని చిటికెలో అయిపోతుంది, మనిషికి మందు అంటదు, అది నిజంగా మంచి మాట. కానీ ఎకరాకు పది లీటర్ల లోపు నీళ్లతో పైనుంచి పడే మందు గుబురు చేలో ఆకు అడుక్కి ఏ మాత్రం చేరుతుందో పక్క చేలో తిప్పి చూశాను. నాకు తృప్తి కలగలేదు. తుప్పుకు మటుకు నేను వీపు పంపునే నమ్ముతాను.

జనవరి 12న, నలభై ఆరు రోజులకు, ఈశాన్యం పుల్ల దగ్గర రెండు ఆకుల అడుగున పొక్కులు దొరికాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒక పొక్కు ఇంకా పగల్లేదు, పైపొర ఉబ్బి లేతగా ఉంది. రెండోది పగిలి ఎర్రపొడి బయటపడింది. వందలో రెండు. అంతకుముందు ఏడాది మేం కళ్లు తెరిచేసరికి వందలో వందా ఉన్నాయి. సంక్రాంతి పనుల మధ్యే, భోగి నాడు, ప్రోపికొనజోల్ చేనంతా కొట్టించాం. పండక్కి మందు వాసనేమిటని చుట్టాలు అన్నారు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు.

పన్నెండు రోజులు పోయాక మాంకోజెబ్ లీటరుకు మూడు గ్రాములు కొట్టాం. మళ్లీ ప్రోపికొనజోలే ఎందుకు కొట్టలేదని పక్క చేను చిన్నాన్న అడిగారు. ఒకే కోవకు చెందిన మందును మాటిమాటికీ కొడితే దాన్ని తట్టుకున్న శిలీంధ్రమే మిగిలి పెరుగుతుంది. పేరు మారినా కోవ మారకపోవచ్చు. హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్, టెబుకొనజోల్ అన్నీ ఒకే కోవ. మూడు సీసాలు మార్చి మార్చి కొడుతున్నామనుకుంటాం, నిజానికి ఒక్కటే కొడుతున్నట్టు. మాంకోజెబ్ పని వేరు. అది గొడుగు లాంటిది. వాన రాకముందే పట్టుకోవాలి, తడిశాక పట్టుకుంటే లాభం లేదు. ఆకు లోపలికి దిగిన తెగులును అది పట్టలేదు, కొత్తగా వచ్చి వాలే గింజను మొలవనివ్వదు. అందుకే ముందు లోపలికి దిగే మందు, తర్వాత గొడుగు.

ఆ ఏడాది ఎకరాకు ఆరు క్వింటాళ్లు దాటింది. మద్దతు ధర 7,400. ఈసారి కాటా దగ్గర నాన్న నిలబడి, గింజలు గుప్పెట పట్టి వెలుతురులోకి తిప్పి చూసుకున్నారు.

మా చెల్లెలిని నిజామాబాద్ వైపు ఇచ్చాం. వాళ్లది సోయాబీన్. జూన్‌లో వానలకు వేస్తారు, దసరా అటూ ఇటూ కోస్తారు. అది వానాకాలం పంట కాబట్టి మంచు కాదు, ముసురు వాళ్ల శత్రువు. కిందటి ఆగస్టులో చెల్లెలు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. సోయా ఆకు మీద గోధుమ మచ్చలు. "అక్కా, తుప్పేమో, మీ మరిదిగారు భయపడుతున్నారు" అని. పైన తీసిన ఫోటో. చూడగానే నాకు ఆ జనవరి గుర్తొచ్చింది. "ఆకు తిప్పి, వెనక వైపు తీసి పంపవే. ఫోటో కంటే ముందు వేలితో రుద్ది రంగు చెప్పు" అన్నాను.

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. సోయాకు వచ్చే తుప్పు మన మినుము తుప్పు కాదు, వేరే శిలీంధ్రం, ఫాకాప్సోరా అంటారు. మహారాష్ట్రలో సాంగ్లీ, కొల్హాపూర్ వైపు, కర్ణాటకలో బెళగావి వైపు దాని బెడద ఎక్కువ. ఆసియాలో పుట్టిన ఆ తెగులు 2001 నాటికి దక్షిణ అమెరికా సోయా చేలలో దిగింది. 2004 నవంబరులో అమెరికాలోని లూసియానాలో బయటపడింది. ఇవాన్ అనే తుఫాను గాలి దాన్ని సముద్రం దాటించిందని అక్కడి శాస్త్రవేత్తల అంచనా. మిల్లీమీటరులో యాభయ్యో వంతు గింజ, సముద్రం మీదుగా! మా తుఫాను మాకు విత్తనం ఆలస్యం చేసి నష్టం చేసింది, వాళ్ల తుఫాను తెగులునే మోసుకొచ్చింది.

చెల్లెలు రుద్ది చూసింది. వేలికి ఏమీ అంటలేదు. మచ్చలో వలయాలున్నాయి. మా బడి బల్ల మీద చూసిన కొరినెస్పోరానే సోయాకూ వలయాల మచ్చ తెస్తుంది. అయినా ఫోన్‌లో ఫోటో చూసి మందు పేరు చెప్పే ధైర్యం నాకు లేదు, అలా చెప్పకూడదు కూడా. ఆకులు తీసుకుని రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లమన్నాను. వాళ్లు ఆకుమచ్చే అన్నారు, తుప్పు కాదన్నారు. తుప్పు మందుకని తీసిపెట్టిన డబ్బులు మిగిలాయని చెల్లెలు సంబరపడింది.

కొందరు నన్ను అడుగుతుంటారు, ఇంత చూడటం ఎందుకు, ముప్పై రోజులకొకటి నలభై అయిదుకొకటి లెక్కపెట్టి మందులు కొట్టేస్తే పోలేదా అని. కొట్టేవాళ్లున్నారు. తెగులు రాని ఏడాది ఆ ఖర్చు నేలపాలు. తెగులు ముందే వచ్చిన ఏడాది ఆ తారీఖులు దానికి తెలియవు. ఎకరాకు ఒక దఫా మందూ కూలీ కలిపి మాకు వెయ్యి దాటుతోంది. మూడెకరాల రైతుకు అది చిన్న డబ్బు కాదు. పైగా ఆ మందంతా మన నేల మీద, మన కాలువలో పడేదే.

నూర్పిడి అయ్యాక మినప కట్టెను చేలో వదలడం మానేశాం. వామి వేసి గేదెలకు పెడుతున్నాం. గట్ల మీద తమంతట తాముగా మొలిచే మినుము మొక్కల్ని నాన్న నడకకు వెళ్లినప్పుడల్లా పీకేస్తున్నారు. తుప్పు బతికున్న ఆకు మీదే బతుకుతుంది. అలాంటి ఒంటరి మొక్కలు దానికి సత్రాల లాంటివి.

ఈ ఏడాది పుల్లలు నాన్నే పాతారు. పీలికలకు అమ్మ పాత చీర కాదని ఎర్రగుడ్డ కొని తెచ్చారట, దూరం నుంచి కనపడాలని. నా భూతద్దం ఊళ్లోనే ఉండిపోయింది, ఆయన చొక్కా జేబులో. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, తాటిచెట్ల కింద తెల్లది లేదు. ఈశాన్యం మూల అడుగున మూడు పొక్కులు దొరికాయి. ఒకటి పగిలింది. వేలు ఎర్రగా అంటింది."

"వందలో మూడా నాన్నా?"

"మూడే. ఆదివారం దాకా ఆగుదామా?"

వద్దన్నాను. ఈ రోజు రెండు పీరియడ్లు ముందు పర్మిషన్ పెట్టుకున్నాను. మూడింటి బాపట్ల బస్సు దొరికితే పొద్దువాలకముందే మందు కలుపుకోవచ్చు.